ఇంజిన్ టెంపరేచర్ సెన్సార్: తప్పు దానిదేనా తేల్చుకోవడం, చెయ్యి దూరని చోట మార్చుకోవడం ఎలా?

పొద్దున్నే చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేశారో లేదో, రేడియేటర్ ఫ్యాను గుయ్యిమంటూ తిరగడం మొదలుపెడుతుంది. ఏసీ కాసేపు చల్లగా వచ్చి ఉన్నట్టుండి ఉత్త గాలి కొడుతుంది. మైలేజీ పడిపోయింది. డాష్‌బోర్డు మీద చెక్ ఇంజిన్ లైటు వెలుగుతూనే ఉంది. మెకానిక్ స్కానర్ పెట్టి చూసి, "టెంపరేచర్ సెన్సార్ పోయింది సార్, మార్చేద్దాం" అంటాడు.

ఒక్కోసారి అది నిజమే. కానీ సెన్సార్ నిక్షేపంలా ఉండి, దానికొచ్చే వైరో, ఆ వైరుని సెన్సార్‌కి తగిలించే ప్లాస్టిక్ కప్లరో, తగ్గిపోయిన కూలెంటో, తెరుచుకుని బిగుసుకుపోయిన థర్మోస్టాటో (వేడిని బట్టి కూలెంట్ దారి తెరిచి మూసే వాల్వు) అసలు దోషి కావడం కూడా తక్కువేం కాదు. సెన్సార్ విప్పి కొత్తది బిగించడానికి పావుగంట చాలు. దాని దగ్గరికి చెయ్యి చేరడానికే ఒక పూట పడుతుంది. అందుకని బ్యాటరీ, ఎయిర్ ఫిల్టర్ డబ్బా ఊడదీసే ముందే తప్పు ఎక్కడుందో తేలాలి. అలా తేల్చడానికి పానా పట్టే పని కూడా దాదాపు ఉండదు.

ఉదాహరణకి మన రోడ్ల మీద ఇంకా వేలల్లో తిరుగుతున్న 1.3 లీటర్ల డీజిల్ ఇంజిన్ తీసుకుందాం. ఫియట్ మల్టీజెట్, 1248 సీసీ. దీన్నే మారుతి డీడీఐఎస్ అని, టాటా క్వాడ్రాజెట్ అని అమ్ముకున్నాయి. స్విఫ్ట్, డిజైర్, రిట్జ్, ఎర్టిగా, ఇండికా విస్టా, పుంటో, లీనియా అన్నిటిలోనూ ఇదే. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 కాలుష్య నిబంధనలు రావడంతో మారుతి డీజిల్ కార్లు ఆపేసింది కాబట్టి, మారుతి బ్యాడ్జితో ఉన్నవన్నీ ఇప్పుడు పాత బండ్లే. బానెట్ కింద వేడికి ఏళ్ల తరబడి ఉడికిన ప్లాస్టిక్ కప్లర్లు వాటిలో అప్పడాల్లా విరుగుతాయి. ఈ సంగతి మనసులో పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. మీది వేరే బండైనా, ఇంజిన్ అడ్డంగా ఉన్న చిన్న కారైతే పద్ధతి ఇంచుమించు ఇదే.

ఆ సెన్సార్ చేసే పని

ఇత్తడి బుడిపె లోపల గింజంత థర్మిస్టర్ ఉంటుంది. వేడెక్కేకొద్దీ దాని రెసిస్టెన్స్ తగ్గుతుంది. ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్, అంటే ఈసీయూ, తన లోపలున్న ఒక రెసిస్టర్ మీదుగా 5 వోల్టులు పంపించి, సెన్సార్ దగ్గర ఎంత వోల్టేజీ నిలిచిందో చూసి కూలెంట్ వేడిని లెక్కగడుతుంది. వైరు తెగిందనుకోండి, రెసిస్టెన్స్‌కి అంతుండదు. ఈసీయూ దాన్ని మైనస్ 40 డిగ్రీల చలి అనుకుంటుంది. రెండు వైర్లూ ఒకదానికొకటి తగిలాయనుకోండి, రెసిస్టెన్స్ సున్నాకి పడిపోతుంది. అప్పుడు 120, 130 డిగ్రీలు దాటిన వేడి అనుకుంటుంది. పరీక్ష మొత్తం ఈ రెండు కొసల మీదే నడుస్తుంది.

డీజిల్ బండిలో గ్లో ప్లగ్గులు ఎంతసేపు వెలగాలి, స్టార్ట్ అయ్యేటప్పుడు ఎంత డీజిల్ కొట్టాలి, ఐడిల్ ఎంతుండాలి, ఫ్యాను ఎప్పుడు తిరగాలి, ఏసీ కంప్రెసర్‌ని ఎప్పుడు ఆపాలి అన్నవన్నీ ఈ అంకెని చూసే ఈసీయూ నిర్ణయిస్తుంది. పెట్రోలు బండిలో గాలి, పెట్రోలు కలిసే పాళ్లు కూడా. ఇంజిన్ చల్లగా ఉందని పొరబడితే పెట్రోలు ఎక్కువ పోస్తుంది. సైలెన్సర్ కొస నల్లగా మసిబారుతుంది, వేడి ఇంజిన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేయబోతే మొరాయిస్తుంది.

మన వాతావరణంలో ఇంకో చిక్కుంది. చలిదేశాల్లో సెన్సార్ తప్పు చెబితే పొద్దున్నే స్టార్టింగ్‌లోనే బయటపడుతుంది. రెంటచింతల ఎండలో బండి ఎలా ఉన్నా స్టార్ట్ అవుతుంది. డిసెంబర్‌లో లంబసింగి వెళ్లి తెల్లవారుజామున తాళం తిప్పితే తప్ప తేడా తెలియదు. కాబట్టి ఇక్కడ ముందు గమనించాల్సినవి ఫ్యాను, ఏసీ, మైలేజీ. స్టార్టింగ్ బాగుంది కదా అని సెన్సార్‌ని వదిలేయకండి.

ఎర్ర లైటు వెలిగితే ముందు నమ్మండి

టెంపరేచర్ ముల్లు పైకి లేచినా, ఎర్ర లైటు వెలిగినా అది నిజమేననుకుని బండి పక్కకి ఆపండి. సెన్సార్ అబద్ధమాడుతోందని తీర్మానించి ఇంకో పది కిలోమీటర్లు నడిపితే హెడ్ గ్యాస్కెట్ పోతుంది. దానికయ్యే ఖర్చు ముందు సెన్సార్ ధర చిల్లర పైసలు.

దీనికి తిరగేసిన ప్రమాదం ఇంకోటి ఉంది, చాలామందికి తెలియనిది. కూలెంట్ బాగా తగ్గిపోయి సెన్సార్ కొస గాల్లో తేలితే, ఇంజిన్ మాడుతున్నా సెన్సార్ తక్కువ వేడే చూపించవచ్చు. అందుకే ఏ పరీక్షకైనా ముందు, ఇంజిన్ పూర్తిగా చల్లబడ్డాక, మూత తీసి కూలెంట్ చూడండి. రిజర్వు డబ్బాలో గీత దాకా ఉంటే చాలదు, రేడియేటర్‌కి విడిగా మూత ఉంటే దాని లోపల కూడా నిండుగా ఉండాలి. వేడి మీద మాత్రం మూత జోలికి పోవద్దు. మూత బిగించి ఉన్నంతసేపు లోపలి ఒత్తిడి వల్ల కూలెంట్ వంద డిగ్రీలు దాటినా మరగదు. మూత తిప్పిన క్షణంలో మొత్తం మరిగి మొహం మీదకి చిమ్ముతుంది.

డాష్‌బోర్డు ముల్లుని సాక్ష్యంగా తీసుకోకండి. చాలా కార్లలో కూలెంట్ వేడి కాస్త అటూఇటూ అయినా ముల్లు మధ్యలోనే నిలబడేలా కంపెనీవాళ్లే సర్దిపెట్టారు. ఈమధ్య చిన్న కార్లలో ముల్లే లేదు, చల్లగా ఉంటే నీలం లైటు, కాగితే ఎర్ర లైటు. మీకు కావలసింది ఈసీయూ చూస్తున్న అసలు అంకె.

అంకె చూడటం

ఈసీయూ చూస్తున్న అంకెల్ని ఫోన్‌కి పంపే బ్లూటూత్ ఓబీడీ అడాప్టర్ ఒకటి కొనుక్కోండి. ఈఎల్ఎం327 అని అడిగితే ఆన్‌లైన్‌లోనూ, హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీ లాంటి చోట్లా వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది. ఫోన్లో టార్క్, కార్ స్కానర్ లాంటి యాప్ ఏదో ఒకటి చాలు. మన దేశంలో 2013 ఏప్రిల్ నుంచి తయారైన కార్లకి ఓబీడీ-2 తప్పనిసరి. అంతకుముందు బండ్లలోనూ కొన్నిటికి ఉంది. పోర్టు స్టీరింగ్ కింద, మీ మోకాళ్ల దగ్గర, పదహారు పిన్నులతో ఉంటుంది.

ముందు కోడ్ చదవండి, అంటే ఈసీయూ రాసిపెట్టుకున్న తప్పు నంబరు. పి0118 వస్తే సర్క్యూట్ తెగినట్టు, అంటే వైరో కప్లరో సెన్సారో ఓపెన్ అయింది. పి0117 అయితే షార్ట్. పి0119 అయితే కనెక్షన్ వచ్చిపోతోంది, అంటే చాలాసార్లు కప్లర్ పనే. పి0116 అంటే అంకె వస్తోంది కానీ ఈసీయూకి నమ్మబుద్ధి కావడం లేదు. పి0128 వస్తే మాత్రం సెన్సార్ కొనడానికి పరుగెత్తకండి. ఇంజిన్ ఎంతసేపు నడిచినా తగినంత వేడెక్కలేదని దాని అర్థం, అది చాలాసార్లు థర్మోస్టాట్ తెరుచుకుని ఉండిపోవడం వల్ల వచ్చేది.

ఆ తర్వాత కోడ్ పక్కన పెట్టి, అంకెలు అప్పటికప్పుడు కనబడే లైవ్ డేటాలోకి వెళ్లండి. నా లెక్కలో కోడ్ కంటే ఇదే పదింతలు విలువైనది.

రాత్రంతా ఆగిన బండి దగ్గరికి పొద్దున్నే వెళ్లి, స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ మాత్రం ఆన్ చేసి, కూలెంట్ టెంపరేచర్, ఇంటేక్ ఎయిర్ టెంపరేచర్ (ఇంజిన్‌లోకి పోయే గాలి వేడి) రెండూ పక్కపక్కన చూడండి. ఇంజిన్ పూర్తిగా చల్లారి ఉంటుంది కాబట్టి రెండూ మూడు నాలుగు డిగ్రీల తేడాలో ఉండాలి. బయట 27 డిగ్రీలుంటే రెండూ 27 చుట్టుపక్కలే. గాలి 28 చూపిస్తూ కూలెంట్ 3 అనో, 55 అనో అంటే సెన్సార్ వైపు అనుమానం గట్టిపడుతుంది.

ఇప్పుడు స్టార్ట్ చేసి, యాప్‌లో గ్రాఫ్ పెట్టి వదిలేయండి. గీత నున్నగా పైకెక్కాలి. ఎనభైల్లోకి వచ్చి థర్మోస్టాట్ తెరుచుకునే చోట కాస్త తడబడి, మళ్లీ ఎక్కి, ఫ్యాను తిరగగానే దిగుతుంది. మధ్యలో గీత ఒక్కసారిగా మైనస్ 40కి పడి మళ్లీ లేచిందంటే లూజు కనెక్షన్. వేడి నిజంగా అంత వేగంగా మారదు, నీళ్లు ఒక్క సెకనులో నలభై డిగ్రీలు చల్లారవు కదా. గీత 60, 65 దగ్గర చతికిలబడి, రోడ్డు మీద వేగంగా వెళ్తే ఇంకా దిగితే అది థర్మోస్టాట్. స్టార్ట్ చేసినప్పటి నుంచి ఒకే అంకె, అరడిగ్రీ కూడా కదలకుండా ఉందంటే ఈసీయూ సెన్సార్‌ని పట్టించుకోవడం మానేసి తనకి తానే ఒక అంకె పెట్టుకుని నడుపుతోందన్నమాట.

బండి ఐడిల్‌లో ఉండగానే కప్లర్ దగ్గరి వైర్లని ఒక కర్రపుల్లతో అటూఇటూ కదిపి గ్రాఫ్ చూడండి. చేత్తో కాదు, కర్రతోనే. చుట్టూ వేడి గొట్టాలు, పక్కనే ఎప్పుడు తిరుగుతుందో తెలియని ఫ్యాను. గీత ఎగిరెగిరి పడితే మీకు సెన్సార్ ఖర్చు తప్పినట్టే.

వైరుదా, సెన్సార్‌దా?

ఇక్కడికి మాత్రం చెయ్యి కప్లర్ దాకా పోవాలి. అది ఎక్కడుందో వెతకడానికి రేడియేటర్ పై గొట్టం పట్టుకుని ఇంజిన్ వైపు వెళ్లండి. 1.3 డీజిల్‌లో ఆ గొట్టం సిలిండర్ హెడ్‌కి గేర్‌బాక్స్ వైపు చివర ఉన్న థర్మోస్టాట్ హౌసింగ్ దగ్గర ఆగుతుంది. సెన్సార్ ఆ హౌసింగ్‌లోనే. పైన గాలి గొట్టాలు, ముందు బ్యాటరీ, పక్కన గేర్ కేబుళ్లు. కంటికి కనబడదు. ఫోన్ కెమెరా వీడియోలో పెట్టి, ఫ్లాష్ వేసి, సందులోంచి కిందికి దించి తీయండి. ఆ వీడియోలో కప్లర్ లాక్ ఏ వైపుందో, సెన్సార్ మరలతో బిగించిందో, క్లిప్పుతో పట్టించిందో చూసుకోండి. లాక్ ఎటు నొక్కాలో ముందే తెలిస్తే కప్లర్ విరగదు.

ఇంజిన్ చల్లగా, ఇగ్నిషన్ ఆఫ్‌లో ఉండగా లాక్ నొక్కి కప్లర్‌ని పట్టుకుని లాగండి. వైర్లు పట్టుకుని లాగితే లోపల టెర్మినల్ ఊడొస్తుంది. లాక్ మీద దుమ్ము గట్టిపడి ఉంటే ముందు కాంటాక్ట్ క్లీనర్ కొట్టి రెండు నిమిషాలు ఆగండి. ఊడాక లోపలికి చూడండి. టెర్మినల్స్ మీద ఆకుపచ్చ పొడి, తెల్లటి పొక్కు, కూలెంట్ తడి ఉన్నాయా? ఉంటే క్లీనర్‌తో కడిగి, ఆరనిచ్చి, తిరిగి పెట్టి చూడండి. సగం కేసులు ఇక్కడే తీరిపోతాయని నా నమ్మకం. వైరు మీద ఎలుక పళ్ల గాట్లు కూడా చూడండి. సెల్లార్లో వారాల తరబడి ఆపిన బండ్లలో ఇది మామూలే.

కప్లర్ ఊడదీసి ఉంచి, చేతులు, చొక్కా ఫ్యానుకి దూరంగా పెట్టుకుని ఇగ్నిషన్ ఆన్ చేయండి. సెన్సార్ కనబడలేదని ఈసీయూ ఫ్యానుని పూర్తి వేగంతో తిప్పేయవచ్చు. యాప్‌లో మైనస్ 40 రావాలి. ఇంతకుముందు అడ్డదిడ్డంగా ఉన్న అంకె ఇప్పుడు మైనస్ 40కి వచ్చిందంటే ఈసీయూ, వైరు స్పందిస్తున్నాయి. తర్వాత ఆఫ్ చేసి, సన్నటి వైరు ముక్కతో హార్నెస్ (ఈసీయూ నుంచి వచ్చే వైర్ల కట్ట) వైపు కప్లర్లోని రెండు టెర్మినల్స్ కలిపి, మళ్లీ ఆన్ చేయండి. అంకె 120 పైకి పోవాలి. ఇలా కలపడం వల్ల ఈసీయూ కాలదు, కరెంటుని దాని లోపలి రెసిస్టర్ అదుపులో పెడుతుంది. రెండు వైర్ల సెన్సార్‌కి మాత్రమే ఈ పని చేయండి. మూడో నాలుగో వైర్లుంటే డయాగ్రమ్ లేకుండా ఏదీ కలపకండి.

రెండు కొసలూ సరిగ్గా చూపించిందా? అయితే వైరింగ్ బాగుంది, తప్పు సెన్సార్‌దే. కలిపినా మైనస్ 40 దగ్గరే ఉందా? అయితే కొత్త సెన్సార్ పెట్టినా అంతే, వైరు ఎక్కడో తెగింది. ఒక విషయం: సర్క్యూట్ తెగగానే మైనస్ 40 బదులు సొంత అంకె పెట్టుకునే ఈసీయూలు కొన్ని ఉన్నాయి. అలాంటప్పుడు అంకెని కాకుండా కోడ్‌ని చూడండి. ఊడదీస్తే పి0118, కలిపితే పి0117 వస్తే చాలు.

స్కానర్ లేనివాళ్లు మల్టీమీటర్‌తోనే కానివ్వచ్చు. ఇగ్నిషన్ ఆన్‌లో హార్నెస్ కప్లర్ రెండు టెర్మినల్స్ మధ్య 5 వోల్టులకి దగ్గరగా రావాలి. రాకపోతే ఒక్కొక్క టెర్మినల్‌నీ బ్యాటరీ మైనస్‌తో పోల్చి చూడండి. ఒకదాని మీద 5 వోల్టులు వస్తే తెగింది రెండోది, అంటే గ్రౌండు వైరు.

సెన్సార్ వైపు రెండు పిన్నుల మధ్య ఓములు చూడండి. మారుతి సహా చాలా బండ్లలో వాడే రకానికి వరస ఇలా ఉంటుంది: 20 డిగ్రీల దగ్గర సుమారు 2.5 కిలో ఓములు, 30 దగ్గర 1.7, 40 దగ్గర 1.2, 60 దగ్గర 600 ఓములు, 80 దగ్గర 320, వంద డిగ్రీల దగ్గర 190 చిల్లర. కొన్ని కంపెనీల సెన్సార్లకి వరస వేరు, కాబట్టి మీ బండి సర్వీస్ మాన్యువల్ దొరికితే దానిదే ఆఖరి మాట. దొరకకపోయినా, వేడెక్కేకొద్దీ ఓములు తడబడకుండా తగ్గుతున్నాయా లేదా అన్నది తేలుతుంది. చల్లగా ఉన్నప్పుడు సరిగ్గా ఉండి, వేడి మీద మీటర్ ఓపెన్ చూపించే సెన్సార్లూ ఉంటాయి. అందుకే ఒక్క చల్లటి కొలతతో దానికి సర్టిఫికెట్ ఇచ్చేయకండి.

కొనేటప్పుడు

పాతదాని మీద అచ్చేసిన పార్ట్ నంబరు ఫోటో తీసుకుని వెళ్లండి. బండి పేరు, సంవత్సరం చెబితే చాలదు. ఒకే ఇంజిన్‌లో కూడా సంవత్సరాన్ని బట్టి కప్లర్ ఆకారం మారుతుంది. విజయవాడ ఆటోనగర్‌లోనైనా, సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనైనా మల్టీమీటర్ జేబులో వేసుకెళ్లి, కౌంటర్ మీదే ఓములు చూడండి. షాపులో 30 డిగ్రీలుంటే 1.7 కిలో ఓములకి దగ్గరగా ఉండాలి, గుప్పిట్లో పెట్టుకుని మూసి ఉంచితే మెల్లగా తగ్గాలి. షాపతను వింతగా చూస్తాడు, చూడనివ్వండి. నకిలీ సరుకు ఎక్కువున్న చోట ఇంతకంటే తేలికైన పరీక్ష లేదు. వాషరో ఓ-రింగో కొత్తది తప్పకుండా తీసుకోండి. థర్మోస్టాట్ హౌసింగ్ ప్లాస్టిక్‌ది అయి, దాని అంచున తెల్లటి కూలెంట్ మరకలుంటే హౌసింగ్ సహా సెట్టు కొనడమే తెలివైన పని. ఇంత శ్రమపడి అక్కడిదాకా వెళ్లి మళ్లీ ఆరునెలలకి ఇదే పని ఎందుకు?

దారి చేసుకోవడం

బండి సమతలంగా ఉన్న చోట, ఇంజిన్ చేత్తో తాకేంత చల్లబడ్డాక మొదలుపెట్టండి. రాత్రంతా ఆగితే ఇంకా మంచిది.

1. బ్యాటరీ మైనస్ ముందు విప్పండి, తర్వాత ప్లస్. సాధారణంగా 10 నంబరు పానా చాలు. పట్టీ తీసి బ్యాటరీ పైకెత్తండి, బరువుంటుంది, నడుం వంచి కాకుండా మోకాళ్లు వంచి ఎత్తండి. బ్యాటరీ కింది ట్రే బోల్టులు కూడా విప్పితే చెయ్యి సగం దాకా దూరుతుంది.

2. ఎయిర్ ఫిల్టర్ డబ్బా, దాన్నుంచి వెళ్లే గాలి గొట్టం అడ్డొస్తే క్లాంపులు వదులు చేసి తీయండి. గాలి కొలిచే సెన్సార్ కప్లర్ ముందు ఊడదీయడం మరవకండి. డీజిల్‌లో తెరిచిన గొట్టం నోట్లో వెంటనే శుభ్రమైన గుడ్డ కుక్కండి. టర్బోలోకి చిన్న నట్టు పడిందంటే కథ మారిపోతుంది.

3. ప్రతి గొట్టం, కప్లర్, బ్రాకెట్ విప్పే ముందు ఫోటో. బోల్టులు తీసిన చోట వాటినే వేలితో రెండు మరలు తిప్పి వదిలేయండి, లేదా విడివిడి గిన్నెల్లో పెట్టండి.

4. సెన్సార్ కింద స్టార్టర్ మోటారు గానీ, వేరే కప్లర్లు గానీ ఉంటే పాలిథిన్ కవరు కప్పండి. దాని మీద పాత తువ్వాలు పరవండి. కూలెంట్ కారినా, పానా జారినా ఆ తువ్వాలే కాపాడుతుంది. ఇంజిన్ సందుల్లో పడిన సాకెట్ వెతకడం కంటే విసుగైన పని బానెట్ కింద ఇంకోటి లేదు.

కూలెంట్ మొత్తం దించాలా వద్దా? నాకైతే వద్దనిపిస్తుంది, కూలెంట్ మార్చే సమయం వచ్చి ఉంటే తప్ప. మూత ఒకసారి తీసి ఒత్తిడి లేదని చూసుకుని, మళ్లీ గట్టిగా బిగించండి. పైనుంచి గాలి లోపలికి పోకపోతే కింద కారడం తగ్గుతుంది. కొత్త సెన్సార్ ఎడమ చేతిలో సిద్ధంగా పెట్టుకుని, పాతది ఊడగానే దాన్ని పెట్టేస్తే పోయేది ఒకటి రెండు గ్లాసులే. చెయ్యి సరిగ్గా దూరని చోట ఇంత చురుగ్గా చేయలేమనిపిస్తే, రేడియేటర్ కింది డ్రైన్ నుంచి రెండు మూడు లీటర్లు శుభ్రమైన బకెట్‌లోకి వదలండి. మట్టం సెన్సార్ కిందికి దిగుతుంది.

విప్పడం, బిగించడం

మరలున్న సెన్సార్లలో చాలావాటికి 19 నంబరు డీప్ సాకెట్ పడుతుంది. పొట్టి ఎక్స్‌టెన్షన్, అవసరమైతే యూనివర్సల్ జాయింటు. ఓపెన్ స్పానరు వాడితే ఇత్తడి అంచులు గుండ్రంగా అరిగిపోతాయి, ఇరుకులో కనబడకుండా చేసే పనికి అది అస్సలు పనికిరాదు. సాకెట్ చివరిదాకా కూర్చుందని వేలితో తడిమి చూసుకున్నాకే బలం పెట్టండి. అపసవ్యంగా, కుదుపు లేకుండా, మెల్లగా. "టిక్" మని వదిలే దాకానే పానా, ఆ తర్వాత వేళ్లతోనే తిప్పండి. కదలకపోతే పెనెట్రేటింగ్ ఆయిల్ కొట్టి అరగంట ఆగండి. అల్యూమినియం హౌసింగ్‌లో ఇత్తడి పట్టేసి ఉన్నప్పుడు మొండిగా లాగితే మరలు సెన్సార్‌తో పాటే ఊడొస్తాయి.

క్లిప్పు రకమైతే సాకెట్ అక్కర్లేదు. యు ఆకారపు తీగ క్లిప్పుని చిన్న స్క్రూడ్రైవర్‌తో సగం దాకా లాగి, దారం కట్టి ఉంచుకుని, పూర్తిగా తీయండి. దారం లేకపోతే అది స్ప్రింగులా ఎగిరి ఎక్కడ పడుతుందో వెతుక్కోవాలి. సెన్సార్‌ని కొద్దిగా అటూఇటూ తిప్పుతూ లాగండి. పాత ఓ-రింగ్ దానితోపాటే వచ్చిందో, రంధ్రంలోనే అతుక్కుందో వేలితో చూడండి. రెండు ఓ-రింగులు ఒకదాని మీద ఒకటి పడితే కారడం ఖాయం.

కొత్తదాని ఓ-రింగ్‌కి కొంచెం కూలెంటే రాయండి, గ్రీజు, ఇంజిన్ ఆయిల్ వద్దు. మరల రకానికి టెఫ్లాన్ టేపు చుట్టే అలవాటు మన దగ్గర ఎక్కువ. వాషరుతో బిగిసే సెన్సార్‌కి అది అనవసరం, టేపు ముక్కలు కూలెంట్‌లోకి పోతాయి. పాత బండ్లలో డాష్‌బోర్డు ముల్లుకి ఒంటి వైరు సెన్సార్ ఉంటుంది, దానికి గ్రౌండు మరల ద్వారానే అందుతుంది కాబట్టి టేపు చుడితే ముల్లు తప్పు చూపించవచ్చు.

మొదట వేళ్లతోనే తిప్పండి. మూడు నాలుగు మరలు సాఫీగా ఎక్కకపోతే వంకరగా పట్టింది, వెనక్కి తిప్పి మళ్లీ పెట్టండి. చివర సాకెట్‌తో బిగింపు 15 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల చాలు. టార్క్ రెంచి దూరదు కాబట్టి రాచెట్‌ని పిడి చివర కాకుండా తల దగ్గర పట్టుకుని, మణికట్టు బలంతో మాత్రమే బిగించండి. ప్లాస్టిక్ హౌసింగ్‌లోకి బిగించే సెన్సార్ అయితే ఇంకా సున్నితం. కప్లర్ "క్లిక్" మనాలి. లాక్ విరిగిపోయి ఉంటే జిప్ టైతో కట్టడం తాత్కాలికంగా పర్లేదు, కానీ ఆ మాట మర్చిపోయి ఏళ్లు నడిపితే పి0119 మిమ్మల్ని వెతుక్కుంటూ వస్తుంది.

గాలి తీయడం

విప్పినవన్నీ ఫోటోలు చూసుకుంటూ తిరిగి బిగించండి. బ్యాటరీకి ఈసారి ప్లస్ ముందు, మైనస్ తర్వాత. గడియారం, రేడియో స్టేషన్లు పోతాయి. కొన్ని బండ్లలో ఆటో విండో అద్దాన్ని ఒకసారి పూర్తిగా పైకెత్తి స్విచ్ పట్టి ఉంచితేగాని మునుపటిలా పనిచేయదు.

కూలెంట్ మాన్యువల్లో చెప్పిన రకమే పోయండి. వేర్వేరు రంగుల కూలెంట్లు కలపకండి. రంగు ఒకటే అయినంత మాత్రాన రకం ఒకటేనని కూడా కాదు. బోరు నీళ్లు అసలు వద్దు, మన దగ్గర వాటిలో సున్నం ఎక్కువ, రేడియేటర్ సన్న గొట్టాల్లో పేరుకుంటుంది. చిన్నగా, బుడగలు పైకి వచ్చేలా పోస్తూ పై గొట్టాన్ని చేత్తో నొక్కి వదులుతుండండి. ఇంజిన్ చల్లగా ఉండగానే స్టార్ట్ చేసి, హీటర్‌ని పూర్తి వేడిలో పెట్టండి. మట్టం తగ్గినప్పుడల్లా నింపండి. కూలెంట్ ఉబికే సూచన కనిపించేలోపే మూత బిగించేసి, ఫ్యాను రెండుసార్లు తిరిగి ఆగేదాకా నడవనివ్వండి. ఇంజిన్ వేడెక్కినా హీటర్లోంచి వేడిగాలి రాకపోతే లోపల గాలి పట్టింది. ఆపి, పూర్తిగా చల్లార్చి, మళ్లీ నింపండి.

ఈలోగా ఫోన్ లైటుతో సెన్సార్ చుట్టూ చూడండి. ఒక్క తడి చుక్క ఉన్నా వదలకండి, ఇంజిన్ వేడెక్కి ఒత్తిడి పెరిగాక అదే ధార అవుతుంది.

బకెట్‌లోకి దించిన పాత కూలెంట్‌ని అలా వదిలేసి వెళ్లకండి. తియ్యగా ఉంటుంది, కుక్కలు, పిల్లులు తాగి చనిపోతాయి. కారినచోట నీళ్లతో బాగా కడిగి, బకెట్‌లోది పాత క్యాన్‌లో పోసి మూత బిగించి సర్వీస్ సెంటర్‌కి ఇచ్చేయండి.

చివరి పరీక్ష

యాప్‌తో కోడ్ చెరిపి, నాలుగు రోజులు మామూలుగా తిప్పండి. ఊళ్లో ట్రాఫిక్, హైవే రెండూ ఉండాలి. పొద్దున్నే చల్లటి ఇంజిన్ మీద కూలెంట్, గాలి అంకెలు మళ్లీ పోల్చి చూడండి. రిజర్వు డబ్బాలో మట్టం రెండు మూడు రోజుల పాటు చల్లగా ఉన్నప్పుడు చూస్తుండండి. లోపల మిగిలిన గాలి బయటికి వచ్చేకొద్దీ మొదట్లో కాస్త తగ్గడం మామూలే, రోజూ తగ్గుతూ పోతే ఎక్కడో కారుతోంది.

కొత్త సెన్సార్‌తో కూడా పి0116 గానీ పి0128 గానీ తిరిగొస్తే థర్మోస్టాట్ మార్చండి. పి0117, పి0118 తిరిగొస్తే సెన్సార్ నుంచి ఈసీయూ దాకా వైరు వెంటపడాలి. అది మంచి ఆటో ఎలక్ట్రీషియన్ పని. వెళ్లేటప్పుడు మీరు చేసిన పరీక్షలు, వచ్చిన అంకెలు కాగితం మీద రాసి తీసుకెళ్లండి. కాగితం చూడకుండానే "ఇంకో సెన్సార్ వేసి చూద్దాం" అంటే పక్క షాపుకి వెళ్లండి.